మసి పట్టించని ఆకులు

సోమలింగస్వామిని ఏదైనా అడగదలచుకున్నవాళ్లు ముందు తమ కాళ్లలో సత్తువ ఉందో లేదో చూసుకునేవారు. ఆయన కూర్చున్న చోటునుంచి జవాబు చెప్పే మనిషి కాడు. భక్తి అంటే ఏమిటని అడిగిన ఒక షావుకారు చేత మధ్యాహ్నందాకా మఠం బావిలో నీళ్లు తోడించి, మజ్జిగన్నం పెట్టి, జాగ్రత్తగా వెళ్లిరమ్మని పంపేశారు. షావుకారు జవాబు దొరికిందనీ అనలేదు, దొరకలేదనీ అనలేదు. ఆ తరవాత ఎప్పుడొచ్చినా బావి వైపు మాత్రం వెళ్లేవాడు కాదు. అందుకని నాగావళి ఒడ్డున ఉన్న ఆ మఠంలో ప్రశ్నలు తక్కువ. శిష్యులు తమకొచ్చిన సందేహాలను చాలావరకు తమలోనే అణుచుకుని, ఎవరి పని వాళ్లు చేసుకుపోయేవారు.

కూర్మయ్య అడిగిన ప్రశ్న మాత్రం అణిగేది కాదు. ఆ ఏడు మాఘమాసంలో ఒక ఉదయం అతను తాటాకుల కట్ట చంకలో పెట్టుకుని వచ్చి స్వామి ముందు దించాడు. దాని పక్కన తన గంటం పెట్టాడు. గంటమంటే తాటాకు మీద అక్షరాలు గీసే ఇనుప కలం. అతను కుర్రవాడిగా ఉన్నప్పుడు స్వామే తన చేత్తో ఇచ్చిన గంటం అది. దాన్ని ఇచ్చిన చేతికే తిరిగి అప్పగించడమంటే గురువునీ మఠాన్నీ వదిలేసి పోవడమని అక్కడ అందరికీ తెలుసు. మూలన కూర్చుని ఆకులు సాపు చేస్తున్న శిష్యులు చప్పుడు కాకుండా లేచి బయటికి వెళ్లిపోయారు.

"రాస్తే గుండె తేలిక పడుతుందన్నారు స్వామీ," అన్నాడు కూర్మయ్య. "రోజూ పొద్దున్నే రాయమన్నారు. రాశాను. ఒక్క పొద్దు మానలేదు. తేలిక పడలేదు. రాతకీ దుఃఖానికీ సంబంధం ఏమిటో ఇవాళ చెప్పండి. లేదంటే ఈ గంటం మీదే, మీరే ఉంచుకోండి. నేను పోతాను."

"ఎక్కడికి?"

"దారి ఎటు పోతే అటు."

"గున్నమ్మ?"

కూర్మయ్య గంటాన్ని స్వామి వైపు ఇంకాస్త నెట్టాడు. గున్నమ్మ అతని భార్య. ఏటి అవతలి ఒడ్డున ఉన్న ఊళ్లో, వాళ్ల ఇంట్లో, ఒక్కతే ఉంటోంది. కూతుర్ని మట్టిలో పెట్టి వచ్చిన దగ్గరనుంచి కూర్మయ్య ఆ గుమ్మం తొక్కలేదు.

అసలు జరిగిందేమిటో మఠంలో పిల్లికి కూడా తెలుసు గనక ఇక్కడ దాచడంలో అర్థం లేదు. కూర్మయ్య మఠానికి లేఖకుడు. పాత పుస్తకాలు చివికిపోకముందే కొత్త ఆకుల మీదికి ఎక్కించడం అతని పని. అతని అక్షరం చూసి ముచ్చటపడనివాడు లేడు. తాటాకు రాతలో ఒక తమాషా ఉంది. గంటంతో గీసిన అక్షరం గీసినట్టే ఉంటుంది గానీ కంటికి ఆనదు. ఆకు రంగులో ఆకు రంగు కలిసిపోతుంది. దీపం మసిని గుంటగలగరాకు పసరులో కలిపి ఆకు నిండా పులమాలి. పులమగానే ఆకంతా కాటుకముద్దలా అయిపోతుంది. అప్పుడు పాత గుడ్డ పెట్టి తుడిస్తే, గీసిన చోట్ల మాత్రం మసి పట్టుకుని ఉండిపోయి, మిగిలిన ఆకు మళ్లీ పచ్చగా తేరుతుంది. కూర్మయ్య రాసిన ఆకులన్నీ ఇంటికి పట్టుకుపోయేవాడు. ఇంట్లో గున్నమ్మ మసి కలిపేది. పులమడం మాత్రం వాళ్ల కూతురు పైడిది. ఆ పని ఇంకెవరు చేసినా ఒప్పుకునేది కాదు. రెండు అరచేతులూ మసిలో ముంచి ఆకుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి, ముక్కు దురదపెడితే ముక్కుకీ, చెంప దురదపెడితే చెంపకీ రాసుకుని, ఆనక అద్దం చూసుకుని పడీపడీ నవ్వేది. ఏడేళ్ల పిల్ల. లేక లేక పుట్టింది.

శ్రావణంలో ఆ పిల్లకి జ్వరం తగిలింది. కూర్మయ్య మఠంలో ఉన్నాడు. ఒక పెద్ద పుస్తకం చివరికొచ్చింది. గున్నమ్మ అన్నగారు ఏరు దాటి వచ్చి, పిల్లకి ఒళ్లు కాలిపోతోంది, నిన్ను పిలుస్తోంది, లేచి రా అన్నాడు. మఠంలో ఒక నియమం ఉంది: ఆఖరి అధ్యాయం మొదలుపెట్టిన లేఖకుడు అది ముగిసేదాకా గంటం దించకూడదు. లేచి వెళ్లి మళ్లీ కూర్చుంటే కన్ను ఒక పంక్తి మీద నుంచి ఇంకో పంక్తి మీదికి జారుతుంది, మధ్యలో ఉన్నదంతా ఎగిరిపోతుంది, ఆ తప్పు ఆ పుస్తకం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కూర్మయ్య బావగారి వైపు చూసి, "నువ్వు పద, ఈ కాస్తా అయిపోతే నీ వెనకే వస్తాను" అన్నాడు. మాట తప్పలేదు. కాస్తా అయ్యాకే లేచాడు. పుస్తకం చివర లేఖకుడు తనది ఒక పంక్తి రాసుకోవడం ఆనవాయితీ గనక, తన ఊరూ పేరూ, ఆనాటి తిథీ రాసి, తప్పులుంటే పెద్దలు మన్నించాలని రాసి, శుభమస్తు అని కూడా రాసి, ఆకులు మూటగట్టుకుని పడవెక్కాడు. ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు.

ఆ తరవాత స్వామి అతన్ని ఓదార్చలేదు. "జరిగింది రాయి. రోజూ రాయి," అన్నారు, అంతే. కూర్మయ్య రాశాడు. ఇప్పుడు ఆ కట్టే స్వామి ముందు ఉంది.

స్వామి కట్ట విప్పి ఒక ఆకు తీశారు. ఎగాదిగా చూశారు. ఆయనకి చూపు మందగించిన మాట నిజమే గానీ, మరీ అంత మందగించలేదు.

"ఇవి ఖాళీ ఆకులు కదా," అన్నారు.

"రాసినవే స్వామీ."

స్వామి బొటనవేలితో ఆకు మీద తడిమారు. గీతలు తగిలాయి. "మసి పట్టించలేదేం?"

కూర్మయ్య తల దించుకున్నాడు. అతను మసి ముఖం చూసి ఆర్నెల్లవుతోంది. మఠం కోసం రాసినవాటికి వేరేవాళ్లు పులుముతున్నారు. ఆ వేళకి అతను ఏటి ఒడ్డుకి వెళ్లిపోతాడు. తన ఆకులకి ఎవరినీ పులమనివ్వలేదు. రాయడం, వెంటనే కట్టలో పెట్టెయ్యడం. నిన్న రాసింది ఇవాళ అతనికే కనపడదు. అలా కట్టంతా రాసిపడేశాడు.

"సరే, చదువు," అన్నారు స్వామి.

కూర్మయ్య ఆకుని ఎండకి ఏటవాలుగా పట్టుకుని, కళ్లు చికిలించి, గీతల నీడలు చూసుకుంటూ చదివాడు. మొదట తడబడ్డాడు, తరవాత అలవాటైన గొంతు వచ్చింది. దేహం నీటిబుడగ అని ఉంది అందులో. బంధాలన్నీ సంతలో కలిసినవాళ్ల పరిచయంలాంటివని ఉంది. పుట్టినవాడు గిట్టక తప్పదనీ, గిట్టినదానికి వగచేవాడు అజ్ఞాని అనీ ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఎక్కడ విరగాలో అక్కడ విరుగుతూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ పోతోంది వాక్యం. స్వామి కళ్లు మూసుకుని విన్నారు. ఇంకో ఆకు చదవమన్నారు. అందులో విధి ఉంది, కర్మ ఉంది, పూర్వజన్మ ఉంది. ఇంకోటి చదవమన్నారు. అందులోనూ అవే.

"ఎవరు రాశారివి?"

"నేనే స్వామీ."

"నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ వింటున్నాను నాయనా ఈ మాటలు. నీ పైడి పుట్టకముందునుంచీ ఉన్నాయి. ఆ పిల్ల పోయినందుకు కొత్తగా పుట్టిన మాట ఇందులో ఒక్కటి చూపించు."

కూర్మయ్యకి ఒళ్లు మండింది. ఆర్నెల్లుగా చెయ్యి నొప్పి పుట్టేలా రాసుకున్నదాన్ని ఇలా తీసిపారేస్తారని అనుకోలేదు. మండి, ఆకుల్లోకి చూశాడు. ఒకటొకటే తిరగేశాడు. కట్ట సగం తిరగేశాడు. అతని చేతులు నెమ్మదిగా ఆగిపోయాయి. ఆ కట్టలో పైడి లేదు. ఆ పిల్ల పేరు కూడా లేదు. ముక్కుకి మసి రాసుకున్న సంగతి లేదు. అసలు తనే లేడు. ఎప్పుడో ఎవరో చెప్పగా తను ఎక్కించినవే మళ్లీ ఎక్కించాడు. గుండె పగిలిపోతున్నప్పుడు కూడా అతను నకలు తీస్తూనే ఉన్నాడు.

"ఆ పొద్దు పైడి ఏమంది?" అని అడిగారు స్వామి.

"నాకేం తెలుసు స్వామీ. నేను లేను కదా."

"ఉన్నవాళ్లని అడిగావా?"

కూర్మయ్య తిరగేసిన ఆకులు మళ్లీ కట్టలో సర్దసాగాడు. స్వామి కింద పెట్టిన గంటాన్ని తీసి ఉత్తరీయం కొంగున చుట్టుకుని, చేతికర్ర అందుకుని లేచారు. ఒక ఖాళీ ఆకు కూడా తీసుకున్నారు. "పద, నేనూ వస్తాను," అన్నారు. స్వామి ఏరు దాటి చాలా ఏళ్లయింది. ఆయన రేవులోకి దిగి రావడం చూసిన పడవవాడు తెడ్డు నీళ్లలో పడేసుకుని, దానికోసం మొలలోతు నీళ్లలో వెతుక్కున్నాడు.

పడవలో కూర్మయ్య ఏటి వైపు చూడలేకపోయాడు. ఆ రోజు కూడా ఇదే పడవ. వానాకాలం ఏరు, ఎర్రటి నీళ్లు. అతని ఒళ్లో ఆకుల మూట ఉంది. ఇప్పుడు అతనికి గుర్తొస్తున్నది ఏరూ కాదు, వానా కాదు. ఆ రోజు ఈ పడవలో తను సంతోషంగా ఉన్నాడు. పెద్ద పుస్తకం పూర్తయింది. ఒక్క అక్షరం జారలేదు. మూట విప్పి, ఆఖరి ఆకుని వెలుతురుకి వారగా పట్టుకుని, ఇది చూసి స్వామి ఏమంటారో అనుకుని, తనలో తను నవ్వుకున్నాడు కూడా. పిల్లకి జ్వరమని తెలిసీ నవ్వుకున్నాడు. పిల్లలకి జ్వరాలు రావా ఏమిటి అనుకున్నాడు. సరిగ్గా ఆ వేళకే అక్కడ గున్నమ్మ కేక పెట్టి ఉంటుంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఏ ఆకు మీదా గీయలేదు. ఆర్నెల్లుగా అతన్ని తింటున్నది కూతురి చావు ఒక్కటే కాదు, ఆ నవ్వు కూడా. పడవలోంచి నీళ్లలోకి ఒరిగిపోతే ఎంత సుఖంగా ఉంటుందో అని అతనికి అనిపించింది. ఎదురుగా స్వామి అతని ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు గనక ఊరుకున్నాడు.

గున్నమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇద్దర్నీ చూసి లేచింది. స్వామి కాళ్లకి నీళ్లిచ్చింది, చాప పరిచింది. మొగుడికి కూడా నీళ్లచెంబు పెట్టింది గానీ ముఖం వైపు చూడలేదు. చిక్కిపోయింది. వాకిలి ఊడ్చి ఉంది, ముగ్గు లేదు. లోపల దండెం మీద చిన్న పరికిణీ ఒకటి ఇంకా అలాగే వేలాడుతోంది. కూర్మయ్య దాన్ని చూసి, చూపు నేలకేసుకుని, గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"కూర్మయ్య నిన్నొక మాట అడగాలని వచ్చాడమ్మా," అని స్వామి చాప మీద కూర్చుని, ఇక ఆ తరవాత తనకేమీ పట్టనట్టు ఊరుకున్నారు.

పెద్దపెద్ద పుస్తకాలు అప్పజెప్పగల కూర్మయ్య గొంతు పట్టుమని నాలుగు మాటలు కూడదీసుకోలేకపోయింది. చివరికి, "ఆ పొద్దు పైడి ఏమంది?" అన్నాడు.

గున్నమ్మ చేతిలోని చింతపండు కింద పెట్టింది.

"ఇన్నాళ్లకి అడిగినారా," అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు, ఎండిపోయి ఉంది. "మట్టేసి వచ్చిన మరునాడే అడుగుతారనుకున్నాను. ఏరు దాటి పోయినారు. మీకేటి, గంటం ఉంది, మఠం ఉంది, ఏడుపొస్తే ఆకు మీద గీసుకుంటారు. నాకేటుంది? ఈ గోడలకి చెప్పుకున్నాను. గోడలు ఊకొడతాయా? ఒకపాలి నాకు నేనే గట్టిగా చెప్పుకుంటే పక్కింటోళ్లొచ్చి గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టినారు." చేతికున్న నల్లదారం చూపించింది. "ఇదిగో, ఇదీ నాకు మిగిలినాది."

కూర్మయ్య గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఆమె ఎదురు చూసిందని అతనికి తట్టనే లేదు. తన దుఃఖం తనకే అంత పెద్దదైపోయింది. తను ఎదురుపడితే ఆమె ఎక్కడ నిందిస్తుందోనని ఏటి అవతల దాక్కున్నాడు. ఆమె ఇక్కడ నిందించడానికి కూడా మనిషి లేక కూర్చుంది.

"కబురెట్టినాక గుమ్మంకేసే చూసింది," అంటూ గున్నమ్మ చెప్పసాగింది. "నాన్న వచ్చీసినాడా, వచ్చీసినాడా అని. వచ్చేస్తాడే అన్నాను. నాన్న ఆకులు తెస్తాడు కదా, మసి కలిపుంచమ్మా అన్నాది. ఒళ్లు పెనంలాగా కాలిపోతుంటే ఇప్పుడు మసేటే అన్నాను. వినలేదు. ఏడ్చింది. కలిపినాను. చిప్ప మంచం పక్కనే పెట్టమంటే పెట్టినాను. వేలు ముంచి చూసింది. చూసి, పలచగా ఉందమ్మా, ఇంకాస్త మసి వెయ్యి, నాన్న అక్షరం సన్నం కదా, పట్టదు అన్నాది." గున్నమ్మ ఆగింది. "మసి తేవడానికి లేచినాను. తెచ్చేసరికి లేదు."

పెరట్లో కోడి ఒకటి ఎండుటాకులు గీరుతోంది. కూర్మయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల్నుంచి వస్తున్నది ఏడుపులా లేదు. దెబ్బ తిన్న పశువు మూలుగులా ఉంది. చాలాసేపటికి, "నేను లేవలేదు గున్నమ్మా," అన్నాడు. "బావ వచ్చి పిలిస్తే లేవలేదు. ఆఖరి అధ్యాయం. పడవలో... పడవలో నేను సంతోషంగా వచ్చాను. పుస్తకం అయిపోయిందని."

"లేవలేదని మా అన్న చెప్పినాడు. మధ్యలో లేవకూడదట కదా." గున్నమ్మ చాప అంచు వైపు చూస్తూ అడిగింది. "ఎవరిదా నియమం?"

స్వామి తల ఎత్తారు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండే నెమ్మది ఆ క్షణాన లేదు.

"నాదేనమ్మా. అక్షరాలు జారిపోతాయని పెట్టాను. మనుషులు జారిపోతారని తోచలేదు." కొంగున చుట్టిన గంటం విప్పి, ఖాళీ ఆకుతో సహా కూర్మయ్య ముందు పెట్టారు. "అది కూడా రాయి కూర్మయ్యా. నా పేరుతోనే రాయి."

కూర్మయ్య రాశాడు. గున్నమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది, అతను ఒక్కో మాటా అలాగే గీశాడు. మఠంలో అతని చేతికి అలవాటైన వాక్యం ఒకటి ఉంది, ఎక్కడ వంగాలో తెలిసిన వాక్యం. అది పదేపదే ముందుకొచ్చింది, అతను పదేపదే దాన్ని పక్కకి నెట్టాడు. కబురు వస్తే నేను లేవలేదు అని రాశాడు. నేను అన్న మాట దగ్గర గంటం రెండుసార్లు పైకెత్తి మళ్లీ ఆనించాడు. ఊరూ పేరూ అని తప్ప తనని గురించి ఎన్నడూ రాసుకున్నవాడు కాడు. పడవలో నవ్వుకున్నాను అని రాశాడు. మసి పలచగా ఉందంది అని రాశాడు. నియమం పెట్టినవారి పేరు దగ్గర ఆగి స్వామి వైపు చూశాడు. స్వామి కానిమ్మని తలాడించారు. రాశాడు. అక్షరం వంకరటింకరగా పడింది. అంత చెడ్డ రాత అతను అక్షరాలు నేర్చుకుంటున్నప్పుడు కూడా రాసి ఉండడు. రాసేశాక అతని గుండె తేలిక పడిందా అంటే, లేదు. ఇంకా బరువెక్కింది. ఇంతకాలం ఎక్కడో ఏటి అవతల ఉన్నది ఇప్పుడు ఒళ్లోకి వచ్చి కూర్చుంది. ఆకు మీద మాత్రం ఏమీ కనపడటం లేదు. ఎప్పటిలాగే దాచెయ్యబోయి, అతను దాన్ని పంచె మడతలోకి దోపబోయాడు.

స్వామి కర్రతో అతని మోచెయ్యి తాకారు. "మసి."

"వద్దు స్వామీ."

గున్నమ్మ లేచి లోపలికి వెళ్లింది. అటక మీద ఏదో జరిపిన చప్పుడైంది. తిరిగి వచ్చి కొబ్బరిచిప్ప ఒకటి మొగుడి ముందు పెట్టింది. లోపల మసి ఎండి, బీటలు వారి, అడుగున పెచ్చుకట్టి ఉంది. చిప్ప అంచున ఒకచోట నల్లగా చిన్న వేలి గుర్తు ఉంది. కూర్మయ్యకి అది ఏ మసో ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఇది ఎవరు తోమేస్తారోనని ఎవర్నీ ఆ అటక ముట్టనివ్వలేదు," అంది గున్నమ్మ. కొంచెంసేపు చిప్ప వైపే చూస్తూ నిలబడింది. మళ్లీ తడిపితే ఆ మసి ఇక ఇలా ఉండదని ఆమెకి తెలుసు. ఆర్నెల్లు దాచుకున్నది అర్ధగడియలో అయిపోతుంది. పెరట్లోకి వెళ్లి, బావి తూము పక్కన మొలిచిన గుంటగలగరాకు పిడికెడు తుంపుకొచ్చి, అరచేతుల్లో నలిపి, పసరు చిప్పలోకి పిండింది. అంచున ఉన్న వేలి గుర్తుకి తగలకుండా పిండింది. "ఆకులకని కలిపించింది కదా. ఆకులకే పట్టనీ," అంటూ వేలితో పెచ్చు కలిపింది. మసి కరిగింది. చిక్కగానే ఉంది.

కూర్మయ్య చెయ్యి ముందుకి రాలేదు. పైడి బతికున్నన్నాళ్లూ అతను ఈ పని చెయ్యలేదు, చెయ్యనిచ్చేది కాదు. గున్నమ్మ అతని మణికట్టు పట్టుకుంది. పిల్ల పోయాక ఆమె అతన్ని తాకడం అదే మొదలు. అతని చేతిని చిప్పలో ముంచింది, తన చెయ్యీ ముంచింది. ఈ చివర నుంచి అతనూ, ఆ చివర నుంచి ఆమె పులిమారు. మధ్యలో రెండు చేతులూ కలిశాయి. ఆకంతా నల్లగా అయిపోయింది. రాసిందీ లేదు, రాయనిదీ లేదు. కూర్మయ్య తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అచ్చం ఆ పిల్ల అరచెయ్యి ఉండేలాగే ఉంది. అతనికి అప్పుడు ఏడుపు వచ్చింది, ఆర్నెల్లుగా రానిది. గున్నమ్మ కూడా ఏడ్చింది. ఈసారి ఊకొట్టే మనిషి ఉన్నాడు. ఇద్దరి ముఖాలకీ మసి అంటుకుంది, దాన్ని చూసి నవ్వేవాళ్లు లేరు.

"ఏమీ కనపడటం లేదు స్వామీ," అన్నాడు కూర్మయ్య. వేల ఆకులు మసిలో మునిగి తేలడం చూసినవాడు, ఎన్నడూ తాటాకు ముఖం చూడనివాడిలా అడిగాడు. "అంతా నల్లబడిపోయింది. ఇంతేనా? ఇంక ఇది ఇంతేనా?"

గున్నమ్మ ముక్కు తుడుచుకుని, దండెం కింద మూటలోంచి పాత గుడ్డ ఒకటి తెచ్చి అతనికి అందించింది. అతను దాన్ని పట్టుకున్నాడు గానీ ఆకు మీద పెట్టలేదు. తుడిస్తే అక్షరాలు తేలుతాయని అతనికి తెలుసు. తేలాక అవి ఆ ఆకు ఉన్నన్నాళ్లూ ఉంటాయి. లేవలేదు అన్న మాట ఉంటుంది, నవ్వుకున్నాను అన్న మాట ఉంటుంది, పలచగా ఉందమ్మా అన్న మాట ఉంటుంది. గుడ్డ చేతిలో నలుపుతూ స్వామి వైపు చూశాడు.

స్వామి కర్ర ఊతగా లేచి నిలబడ్డారు. పడవ మళ్లీ ఇటు వచ్చే వేళయింది. ఆయన గంటం తిరిగి తీసుకోలేదు. అది కూర్మయ్య మోకాలి పక్కనే ఉంది.

"రాసింది పోదు నాయనా," అన్నారు. "తుడువు."